గురువారం అబ్రా

"కళ్ళు కనపడట్లేదాండీ మీకు?"

అచ్చాయమ్మ అరుపుకి దేరా బజారులోని మసాలా దుకాణాలవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆమె చేతిలోని సంచీ జారి ఎండు నిమ్మకాయలు నేలంతా దొర్లాయి. ఎదురుగా భుజం మీద పైపుల కట్టతో ఒక యువకుడు.

"ఎన్కకు నడిసొచ్చింది నువ్వు. పైపులకేమన్న కండ్లుంటయా?" అన్నాడతను, తెలుగులోనే.

"నువ్వేంటండీ, నువ్వు? తెలియని ఆడమనిషితో మాట్లాడే పద్ధతేనా?"

"మా జగిత్యాల దిక్కు దేవుణ్ని గూడ నువ్వే అంటం. కోపం జేస్కోకు."

మరో రోజైతే ఆమె ఇంకో నాలుగు అంటించేది. ఇన్నాళ్ళకి బజారులో తెలుగు విన్నందుకు నవ్వేసేదేమో కూడా. కానీ ఆ వేళ ఆమె చూపు అతని మీద లేదు. సందు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతోంది.

"మామ్మగారు... ఇప్పుడే ఇక్కడే ఉన్నారండి. నిమ్మకాయలు తూకం వేయించి తిరిగి చూసేసరికి లేరు!"

అది 1983 జనవరి. రాజోలు దగ్గర పల్లె నుంచి వచ్చిన అచ్చాయమ్మ, రెండేళ్ళుగా దుబాయ్ రాషిదియాలో ఖల్ఫాన్ గారింట్లో పని చేస్తోంది. పని అంటే ముఖ్యంగా ఆయన తల్లిని కనిపెట్టుకుని ఉండటం. ఆ ముసలావిడకి డెబ్బై దాటాయి. ఉదయం ఏం తిన్నదో మధ్యాహ్నానికి గుర్తుండదు. యాభై ఏళ్ళ కిందటి సంగతులు మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది. అచ్చాయమ్మ ఆవిడని మామ్మ అని పిలుస్తుంది.

గురువారాలు ఖల్ఫాన్ ఇద్దరినీ కారులో బజారు దగ్గర దింపి, మధ్యాహ్నం మసీదు బాంగు వేళకి కాలువ ఒడ్డున అబ్రాలనే పడవల రేవు దగ్గరకు వచ్చి ఎక్కించుకుంటాడు. మొదటి రోజే ఆయన హిందీలో ఒక మాట చెప్పాడు: "మా అమ్మ చెయ్యి వదిలావా, ఖలాస్. మర్నాడే విమానం ఎక్కుతావు."

ఇప్పుడు పదిన్నర.

"జర ఊపిరి పీల్చుకో," అన్నాడతను. "ఎట్లుంటది ఆమె? గుర్తులు జెప్పు."

"నల్ల అబాయా. ముఖానికి బంగారు రంగు ముసుగు. చేతికర్ర."

అతను బజారు వైపు చెయ్యి చూపించాడు. కనుచూపు మేరలో అలాంటి ముసలమ్మలు ఏడుగురున్నారు.

అచ్చాయమ్మ దొరికిన నిమ్మకాయలు సంచీలో కుక్కుకుంది.

అతను పైపుల కట్టని దుకాణం గోడకి ఆనించి, షాపతన్ని చూస్తుండమని ఉర్దూలో చెప్పాడు. "నీ పేరేంది?"

"అచ్చాయమ్మ."

"అచ్ఛా అనుడు గాదు, పేరు జెప్పు."

"అదే నా పేరండి బాబూ!"

ఆమె అంత భయంలో ఉన్నా అతనికి నవ్వొచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి మింగేశాడు. "నా పేరు పర్శరాములు. కంపెనీకి పైపులు, నల్లాలు కొనుక్కపోయే పని. ఈ సందులన్నీ నాకెర్క. పా, దేవులాడుదాం."

"మీ పని మానుకునా?"

"పన్నెండింటికి నైఫ్ రోడ్డు కాడ కంపెనీ బండి ఎక్కాలె. అప్పటికి దొరుకుతది తియ్యి."

మొదటి ముసలమ్మ దగ్గరకు పరుగెత్తి "మామ్మా!" అని చెయ్యి పట్టుకుంది అచ్చాయమ్మ. ముసుగులోంచి అపరిచితమైన కళ్ళు కోపంగా చూశాయి. రెండో ఆవిడ చేతికర్ర ఎత్తింది. పర్శరాములు అడ్డం వచ్చి, రెండు చేతులూ జోడించి, తనకి తెలిసిన అరబ్బీ క్షమాపణలన్నీ చెప్పేశాడు. మూడో ఆవిడ మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఏదో అని నవ్వింది.

"ఏమన్నది?"

"ఏం లేదండి. పదండి," అంది అచ్చాయమ్మ, చెవులు ఎర్రబడుతుండగా. మొగుడూ పెళ్ళాలు బజారులో పోట్లాడుకోకూడదని ఆవిడ చెప్పిన నీతి, అప్పుడు తర్జుమా చేసేది కాదు.

ఖర్జూరాల దుకాణం, అత్తరు దుకాణం, రొట్టెలు కాల్చే ఇరానీవాడి పొయ్యి. ఎవరూ చూడలేదన్నారు. చివరికి రేవులో ఒక పడవవాడు తల ఊపాడు.

"వచ్చింది. నా అబ్రా నత్తలా నడుస్తోందని దారంతా తిట్టింది. ఇంటికి చుట్టాలొస్తున్నారట, వాకిలి ఊడవాలట. అవతలి ఒడ్డున దిగి పాత ఇళ్ళ వైపు పోయింది."

అచ్చాయమ్మ గుండె పట్టుకుంది. "పెళ్ళయి కాపురానికొచ్చిన ఇల్లు! రోజూ పొద్దున్నే లేచి అక్కడికి తీసుకెళ్ళమంటారు. ఎక్కడుందో నాకు తెలీదండి."

"ఎక్కు," అన్నాడు పర్శరాములు.

అబ్రా అంటే కప్పు, మధ్యలో ఒక బల్ల ఉన్న చిన్న మరపడవ. జనం బల్ల మీద వీపులు ఆనించుకుని కూర్చుంటారు. వాళ్ళిద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. అచ్చాయమ్మ సంచీని ఇద్దరి మధ్యా పెట్టింది.

పడవ కదిలింది. ఆమె మొదటిసారి ఊరిని నీళ్ళ మీద నుంచి చూసింది. రెండేళ్ళలో ఆమె ఎరిగిన దుబాయ్ అంటే ప్రహరీగోడ, వంటిల్లు, కారు కిటికీ, మసాలా సందు. ఇక్కడ ఒడ్డు పొడుగునా చెక్క ఓడలు, వాటి నిండా బియ్యం బస్తాలు, టైర్లు, ఒక ఓడ మీద మేకలు. పాత ఇళ్ళ నెత్తిన గాలిని కిందికి దించే చతురస్రపు గోపురాలు. తెల్లని పిట్టలు పడవ వెంట ఎగిరి వస్తున్నాయి.

"ఎంత బాగుందండి," అనేసింది. అని, వెంటనే నోరు మూసుకుంది. మామ్మ తప్పిపోయిన వేళ ఆ మాట తప్పనిపించింది.

"బాగున్నదాన్ని బాగున్నదనుడు తప్పు గాదు," అన్నాడతను మెల్లిగా. "నేను ఊరి మీద మనసైనప్పుడల్ల గీ పడవెక్కుత. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు."

ఆమె తల తిప్పి అతన్ని సరిగ్గా చూసింది. చెమటకి నుదుట అతుక్కున్న జుట్టు, గోళ్ళలో మట్టి. మీరు అనిపించుకోవడం చేతకాని మనిషి. తన వాచీ వైపు ఒక్కసారీ చూసుకోని మనిషి కూడా.

అవతలి ఒడ్డున సందులు మరీ ఇరుకు. ఇళ్ళ సొంతదారులు కొత్త విల్లాలకు వెళ్ళిపోగా, అద్దెకు దిగిన మగాళ్ళ లుంగీలు వాకిళ్ళలో ఆరుతున్నాయి. ఒక సందు, ఇంకో సందు, అడ్డంగా గోడ. మళ్ళీ వెనక్కి. పదకొండుంబావు.

"పోలీసులకు చెబుదామండి. నన్ను లోపలేస్తే వేయనీ. ఆవిడ కాలువ వైపు వెళ్ళుంటే..."

"అట్లనకు. కడప షావలి గీడనే ఉంటడు, టైలరు. ఆయిన్ని అడుగుదాం."

షావలి అద్దెకున్న ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దుమ్ము లేస్తోంది. వాకిలి నడుమ కర్ర పట్టుకుని నిలబడింది మామ్మ. ఆవిడ చుట్టూ ఆరుగురు మగాళ్ళు, లుంగీలు ఎగగట్టి, వంచిన నడుం ఎత్తకుండా ఊడుస్తున్నారు.

"వచ్చినావా పర్శరాములూ!" షావలి చీపురుతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఎవరప్పా ఈ పెద్దమ్మ? అరగంట నుంచి ఊడిపిస్తాండాది. ఆ మూల బాగలేదని రెండుతూర్లు చేపిచ్చె!"

అచ్చాయమ్మ మామ్మ కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది. మామ్మ ఆమె తల నిమిరి, "ఎందుకే ఏడుపు? చుట్టాలు వచ్చేశారుగా," అంది అరబ్బీలో, పర్శరాములుని చూపిస్తూ.

చుట్టం వచ్చాక మర్యాద చేయకుండా పంపరు. షావలి కాచిన పాలు లేని చాయ్‌ని మామ్మ చిన్న కప్పులో పోసి స్వయంగా ఇచ్చింది. పర్శరాములు తాగి కప్పు ఇచ్చాడు. మామ్మ మళ్ళీ నింపింది. అతను తాగాడు. ఆవిడ మళ్ళీ నింపింది. నాలుగోసారికి అతని ముఖం చెమటలు పట్టింది.

"టైమయితాంది! ఈమె ఆపదేంది?"

"కప్పు ఊపండి! చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అది వీళ్ళ పద్ధతి!"

"ముందుగాల జెప్పొద్దా?"

అతను రెండు చేతులతో ఊపిన ఊపుకి మామ్మ పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా అచ్చాయమ్మ ఎన్నడూ వినలేదు.

తిరుగు అబ్రా సగం దూరంలో ఉండగానే మధ్యాహ్నం బాంగు వినిపించింది. రేవులో కారు పక్కన ఖల్ఫాన్ నిలబడి ఉన్నాడు. తల్లిని, పనిమనిషిని, వాళ్ళతో దిగుతున్న పరాయి మగాడిని చూశాడు.

"వీడెవడు? మా అమ్మని అడ్డం పెట్టుకుని వీణ్ని కలవడానికి వెళ్ళావా?"

మామ్మే పడవ ఎక్కుదామందని చెబితే సరిపోయేది. అచ్చాయమ్మకి ఆ అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. మింగేసింది.

"చెయ్యి వదిలానండి. తప్పు నాదే. తప్పిపోయారు. ఈయనెవరో నాకు తెలీదు. వెతికిపెట్టారు, అంతే. పంపేయాలంటే నన్ను పంపేయండి, ఈయన్నేమీ అనకండి."

"గామె తప్పు లేదు సాబ్," అని పర్శరాములు హిందీలో మొదలుపెట్టాడు. ఖల్ఫాన్ చెయ్యెత్తి ఆపాడు.

అప్పుడు మామ్మ కర్ర నేలకేసి కొట్టింది. "గొంతు తగ్గించు. ఈ అబ్బాయి మనింట్లో కూర్చుని మన చాయ్ తాగాడు. చుట్టం."

"మనింట్లోనా?" ఖల్ఫాన్ ముఖం మారింది. "ఆ ఇల్లు... గాలి గోపురం ఇంకా ఉందా?" అనడిగాడు అచ్చాయమ్మని. తను పుట్టిన ఇంటికి ఆయన వెళ్ళి పదేళ్ళయింది.

"ఉందండి. కింద నిలబడితే చల్లగా గాలొస్తోంది."

ఖల్ఫాన్ వెనక్కి తిరిగి కాలువ అవతలికి చూశాడు. తల్లిని కారెక్కించి, అచ్చాయమ్మకి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె అద్దంలోంచి వెనక్కి చూసింది. పన్నెండు దాటి నలభై నిమిషాలు. పర్శరాములు పైపుల కట్ట ఉన్న సందు మీదుగా నైఫ్ వైపు పరుగెడుతున్నాడు.

ఆ తర్వాత గురువారాలు మామ్మని పాత ఇంటికి తీసుకెళ్ళమని ఖల్ఫానే చెప్పాడు. అచ్చాయమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని అబ్రా ఎక్కేది. కళ్ళు మాత్రం రేవంతా వెతికేవి. ఒక గురువారం, రెండు, మూడు, నాలుగు. పైపుల కట్టతో ఎవరూ రాలేదు.

"మగాళ్ళంతే మామ్మా," అంది తెలుగులో. మామ్మ అర్థమైనట్టే తలూపింది.

అయిదో గురువారం వాన పడింది. దుబాయ్‌లో వానంటే పండగ. దుకాణాలవాళ్ళు బయటికొచ్చి ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. మామ్మ, రేకుల కప్పు కిందికి రానంటే రానని రేవు మెట్ల మీదే కూర్చుంది.

"గా కప్పు కిందికి రారాదు? తడుస్తున్నవ్."

అచ్చాయమ్మ తిరగలేదు. "నువ్వనకూడదని ఆ రోజే చెప్పాను. అసలు మీరెవరండీ?"

"నన్ను అబుదాబి దిక్కు ముసఫ్ఫాకు ఏసిన్రు," అన్నాడు పర్శరాములు. "ఆనాడు బండి తప్పిపోయింది. రెండోసారి తప్పితే అబుదాబి వర్క్‌షాపే అని ముందే జెప్పిండు ఫోర్‌మన్. సుట్టి దొరికేసరికి గిన్ని దినాలైనయ్. పొద్దుగాల బస్సెక్కి వచ్చిన."

ఆమె గిరుక్కున తిరిగింది. నిలువునా తడిసి ఉన్నాడు. "ముందే తెలుసా మీకు? తెలిసే నాతో వచ్చారా? ఆ రోజు ఒక్క ముక్క చెప్పలేదే!"

"జెప్తే రానిస్తుంటివా?"

ఆమె తడిసిన కొంగు పిండుకుంది.

"ఇను. నాకు మాటలు రావు," అన్నాడతను. "మండుటెండల మా నాయిన పొలం కాడికి మీ నాయిన వచ్చినా, మీ రాజోలుకు మా నాయిన వచ్చినా, భాష అర్థం గాక కొట్టుకుంటరేమో. గయినా నేనొచ్చి మీ నాయిన్ని అడుగుత. ముందుగాల నిన్ను అడగాలె గద. నన్ను జేస్కుంటవా... చేసుకుంటారా?"

వాన చప్పుడు. మామ్మ అచ్చాయమ్మ కొంగు లాగింది. "ఏమంటున్నాడు?"

"ఏం లేదు మామ్మా."

"ఏమంటున్నాడే!"

"పెళ్ళి... చేసుకుంటావా అంటున్నాడు," అంది అచ్చాయమ్మ అరబ్బీలో, నేల చూస్తూ.

మామ్మ కర్ర ఊతంగా లేచి నిలబడింది. "మనింటి చుట్టాన్ని వానలో నిలబెట్టి జవాబు చెప్పకుండా ఉంటావా? సిగ్గు లేదూ! చెప్పు. ఖల్ఫాన్‌తో మీ నాన్నకి ఉత్తరం నేను రాయిస్తాను."

అచ్చాయమ్మ తల ఎత్తింది. చెంపల మీద ఉన్నది వానో, మరొకటో.

"ఆయ్," అంది.

పర్శరాములు గాబరాపడ్డాడు. "ఆయ్ అంటే? అవునా, కాదా?"

"మీరు మా ఊరొచ్చి అడగండి, చెబుతారు," అని అచ్చాయమ్మ నవ్వి, మామ్మ చెయ్యి పట్టుకుని అబ్రా ఎక్కింది. ఎక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీద తన పక్కన చోటు చేసింది.