కొలువుసూచి ముల్లు

కార్లు తమంతట తామే నడిచే రోజులొచ్చినా, వాటి ఒళ్లంతా పాకే కరెంటు తీగలను జడల్లా అల్లడానికి ఇంకా ఆడవాళ్ల వేళ్లే కావాలి. నాయుడుపేట ఫ్యాక్టరీలో పెంచలమ్మ పని అదే. ఆమె ఏడాది బిడ్డ కింది అంతస్తులోని పిల్లలగదిలో ఉంటాడు. పని పోతే ఆ గదీ పోతుంది, అక్కడ వాడికి పెట్టే బువ్వా పోతుంది.

భోజనాల హాలు గోడకు కొలువుసూచి ఉంది. గడియారంలాంటి పళ్లెం, అంకెల చోట దేశాల పేర్లు, ఒకటే ముల్లు. ఈ పని ఏ దేశానికి తరలిపోనుందో అటు తిరుగుతుంది. మెక్సికో ఫ్యాక్టరీలో ఇలాంటి ముల్లే వియత్నాం వైపు తిరిగింది. అంతే, అక్కడి షెడ్లు ఖాళీ.

ఇవాళ ఇక్కడి ముల్లు మొరాకో వైపు వణుకుతోంది.

"ఏంది మే, జొరమొచ్చినట్టు అట్టా వణకతా ఉంది?" అంది పక్కనున్న సుబ్బరత్న.

ఆ యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు హిమజ అక్కడే ఉంది. గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, ఇది ఆర్డర్లు చూడదు, ధరలు చూడదు. మీ ఫోన్లలో ఎంతమంది వేరే పని వెతుకుతున్నారో అదే చూస్తుంది. వెళ్లిపోయేవాళ్లను నమ్మి కంపెనీ ఇక్కడ పని ఉంచదు."

"అంటే, మేం బెదిరితేనే పని పోద్దా?" అంది పెంచలమ్మ.

"అంతే. సాయంత్రం కంపెనీవాళ్లు ముల్లు చూస్తారు. అప్పటిదాకా ఎవరూ వెతక్కండి."

సుబ్బరత్న ఉప్పు గిన్నె తెచ్చింది. "అందరూ పిడికిట్లో పట్టండి మే! ఫోను ముట్టినదాని నోట్లో మన్నే."

"హమ్మయ్య, సాయంత్రం దాకా మా ఆయన బతికిపోయాడు!" అందెవరో. హాలంతా నవ్వింది. అందరూ ఉప్పు మీద ఒట్టేశారు. కాసేపటికి ముల్లు వణుకు ఆగి, మొరాకో నుంచి పక్కకు మళ్లింది.

పాలిచ్చే వేళకు పెంచలమ్మ కిందికి దిగింది. బిడ్డ నిద్దట్లోనే ఆమె వేలు పట్టుకున్నాడు. ఆమె లోలోపల లెక్కేసుకుంది. నేను ఆగుతా, సరే. సుబ్బరత్న ఆగుద్దా? దానికి ఇద్దరు పిల్లలు. అందరూ ముందే వెతుక్కుంటే, నేనూ నా బిడ్డా ఏమైపోవాలి? ఒక్కసారే. నా ఒక్కదాని వెతుకులాటకే అంత ముల్లు కదులుద్దా?

ఉప్పు అంటిన వేలితోనే ఫోను నొక్కింది.

పైకొచ్చేసరికి ముల్లు మొరాకో మీద మేకు కొట్టినట్టు నిలిచిపోయి ఉంది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూడలేదు.

పెంచలమ్మ జేబులో ఫోను మోగింది. వెతికినదానికి జవాబు: తీగలల్లే పని ఉందట, మొరాకోలో. వెంటనే సుబ్బరత్న జేబు మోగింది. ఆ వెనక బల్లబల్లకీ, వరసవరసకీ మోతే.

చివరగా, ముల్లు కింద నిలబడ్డ హిమజ జేబు కూడా మోగింది.