శాపానికి గడువు

"పురాణం చాప టీవీ ముందర పరిచినారా? చెనిక్కాయ పొట్టు సూడు!" శనివారం పొద్దున్నే చాప దులుపుతూ తిరుపాలమ్మ కోడలి మీద విరుచుకుపడింది.

"ఊడ్చేస్తాలే అత్తా. చాపే కదా."

"చాపే కదా అంట!"

కోపం చాప మీద కాదని వనజాక్షికి తెలుసు. ఇరవై ఏళ్లుగా శనివారం సాయంత్రాలు వీధిలోని ఆడవాళ్లు తిరుపాలమ్మ చదివే పురాణం వినడానికి వచ్చేవారు. వాన మొహం చాటేసి, చేలల్లో పని లేని ఈ ఏడు, అదే వేళకు టీవీలో నాగలోకం సీరియల్ మొదలైంది; వాళ్లంతా ఈ ఇంట్లోనే దాని ముందు చేరుతున్నారు. అది ముగియగానే డిగ్రీ చదివిన వనజాక్షి అడుగుతుంది: "ఆమె చేసింది ధర్మమేనా? మీరైతే ఏం చేస్తారు?" వాళ్లు చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకుంటుంది. పురాణం దగ్గర కునికిపాట్లు పడినవాళ్లే ఇక్కడ గంటసేపు వాదించుకుంటారు. వంటింట్లో కూర్చుని ఆ సందడి వినడం తిరుపాలమ్మకు కడుపుమంట.

ఆ సాయంత్రం టీవీ తెరంతా చుక్కలే.

"కేబుల్ వైరు నువ్వే పీకినావా అత్తా?"

"పీకినా. బొమ్మ లేకుంటే ఎవురొస్తారో సూద్దామని. ఇన్నేండ్లలో నా కాడ ఒక్కరన్నా నోరు తెరిచి ఇట్లా అడిగినారా?"

"నువ్వు అడగనిచ్చినావా?"

తిరుపాలమ్మ వంటింటి వైపు తిరిగింది.

ఈలోగా ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. పక్కింటి కదిరమ్మ అంది: "బొమ్మ రాకున్నా ఏం కాదులే వనజా. పోయిన వారం నాగరాణి కూతుర్ని శపించింది గదా. ఇచ్చిన శాపం పెద్దోళ్లు వెనక్కి తీసుకోవచ్చునా?"

ఎవరూ నవ్వలేదు. ఇష్టపడినవాణ్ణి పెళ్లాడిందని మూడేళ్ల కిందట కూతురితో, 'సచ్చినా నీ మొగం సూడను' అన్నది కదిరమ్మే.

వనజాక్షి పెన్ను కింద పెట్టింది. "నాకు తెలీదక్కా. అత్తా, నువ్వు చెప్పు."

తిరుపాలమ్మ వంటింటి గడప దాటి వచ్చి కదిరమ్మ పక్కన కూర్చుంది.

"నేను చదివిన ఏ పురాణంలోనూ గడువు లేని శాపం లేదే కదిరీ," అంది. "ఆ గడువు చెప్పాల్సింది గూడా శపించినోళ్లే."

కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ సంగటి ముద్దల ముందు కూర్చున్నాక తిరుపాలమ్మ కొడుకు వైపు తిరిగింది.

"నారాయణా, నీ పెండ్లాన్ని సూసి ఓర్సలేకనే వైరు పీకినా. ఇంగ శనివారాలు సీరియల్ అయినంక నా పురాణం. నడమ ఎవురేమన్నా అడగొచ్చు." కోడలి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "రేపు కదిరమ్మను తోడుకోని బత్తలపల్లెకు పోతాండా, దాని కూతురింటికి. వనజా, నువ్వూ రావల్ల. నాకు చెప్పేదే వచ్చు, అడిగేది రాదు."