గడప మీద కూర్చున్న డేగ

"ఈసారి నువ్వు కాపాడాల్సింది ఎలుకల్ని," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ నవ్వలేదు. రిటైర్మెంట్ దగ్గరపడింది, మోకాళ్ళు అరిగాయి, ఇక ఇదొక్కటే తక్కువైంది అనుకున్నాడు.

"వేళాకోళం కాదయ్యా. ఆడవాళ్ళకొచ్చే అండాశయ క్యాన్సర్ అచ్చం అలాగే వచ్చేలా జన్యువులు మార్చి పెంచిన ఎలుకలవి. కొత్త మందు పరీక్షించేది వాటిమీదే. విదేశీ ముఠా కన్నేసింది. ల్యాబ్ లోపలే వాళ్ళ మనిషి ఉంది, కోడ్‌నేమ్ నెమలి. ఈ ఎలుకలు పోయాయా, మందు ఏళ్ళకేళ్ళు వెనక్కి."

సరిగ్గా ఆ మందు కోసమే డేగ అక్క ఆస్పత్రిలో రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆ ముక్క చీఫ్‌కి చెప్పలేదు. చెబితే కేసు ఇంకొకడికి ఇచ్చేస్తాడు.

బోనులు కడిగేవాడి వేషంలో ల్యాబ్‌లో చేరాడు. గౌను, మాస్కు, కాలర్ లోపల గుండీ అంత మైకు. నడుం పడిపోయింది. పైగా అక్కడో పద్ధతి: బోను మార్చినప్పుడల్లా పాత గూటి పీచు గుప్పెడు తీసి కొత్త బోనులో వెయ్యాలి. తమ వాసన తగలకపోతే ఎలుకలు బెదిరిపోతాయట.

ఓ సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. మాస్కు వేసుకున్నా ల్యాబంతా తలతిప్పి చూసేంత అందగత్తె. "అలిసిపోయారండీ. వెళ్ళి టీ తాగండి, ఇవాళ నేను మారుస్తాను," అంది. ఎంత మంచి పిల్లో అనుకున్నాడు పిచ్చి మారాజు.

తిరిగొచ్చేసరికి బోనులు తళతళలాడుతున్నాయి. పీచంతా కొత్తదే, పాతది ఒక్క పోగూ లేదు. ఎలుకలు మూలకి నక్కి వణుకుతున్నాయి.

"కొంప మునిగింది! ఇవి మనవి కావు! పాత పీచుతో సహా మనవాటిని ఎత్తుకుపోయింది!" అని కాలర్ మైకులో అరిచాడు డేగ.

బయటికి పోయే దారిలో జంట తలుపులు. మొదటిది పూర్తిగా మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు. డాక్టరమ్మ ట్రాలీతో రెండింటి మధ్యా నిలబడింది. అవతల వ్యాను ఇంజను మోగుతోంది. మొదటి తలుపు మూసుకుపోతోంది. డేగ నాలుగంగల్లో వచ్చి, మిగిలిన జానెడు సందులో కాలు దూర్చి, ఇక నిలబడే ఓపిక లేక గడపమీదే చతికిలబడ్డాడు.

ఆమె పిస్టల్ తీసింది. "లేవండి. కాల్చేస్తా."

"కాల్చు తల్లీ. ఇక్కడే పడతాను. శవం అడ్డమున్నా ఈ తలుపు మూసుకోదు."

"ఎలుకల కోసం ప్రాణాలిస్తారా?"

"మా అక్క కోసం."

ఆమె వంగి అతని కాలు అవతలికి నెట్టబోయింది. ఈలోగా మైకులో అంతా విన్న గార్డులు వచ్చి పిస్టల్ లాక్కున్నారు. ట్రాలీలో అసలు ఎలుకలు తమ పాత పీచులో హాయిగా నిద్రపోతున్నాయి.

డేగ ఇంకా లేవలేక అవస్థ పడుతుండగానే ఫోను మోగింది. అక్క. ఆమె లెక్కలో తమ్ముడు ఆఫీసు బంట్రోతు.

"ఏరా, ఇంకా ఆ ఫైళ్ళు మోసే ఉద్యోగమేనా?"

"లేదక్కా. ఎలుకల బోనులు కడుగుతున్నా."

అక్క పెద్దగా నిట్టూర్చింది. "పోన్లేరా. ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చే పని దొరికింది."