ఒకే పేరు, రెండు రిపోర్టులు

కూర్చోమన్నా లిఫ్ట్ మెకానిక్ కూర్చోలేదు. డిటెక్టివ్ బల్ల ముందు నిలబడే ఒక కాగితం చాపాడు.

"చూడండమ్మా! 'కేబుల్ బాగుంది, లిఫ్ట్ నడపవచ్చు' అట. కింద నా పేరు! నేను రాసింది 'కేబుల్ తెగేలా ఉంది, వెంటనే ఆపండి' అని. ఆపలేదు. వారం తిరక్కుండా లిఫ్ట్ కూలి, మా బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆవిడ రెండు కాళ్లూ విరిగాయి. ఆ రోజు నుంచి నన్ను గేటు దాటనివ్వడం లేదు. తప్పంతా నాదేనట!"

డిటెక్టివ్ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. అత్తయ్య మాత్రం కళ్లజోడు తుడుచుకుని, "పదండి" అంది.

ఆ ఫ్యాక్టరీలో కాగితాలన్నీ కంప్యూటర్లోనే భద్రం చేస్తారు. వాటిని చూసే క్లర్కు తల దించుకునే చెప్పింది.

"ఆ రిపోర్టు పేరుతో రెండు ఫైళ్లు ఉండేవండీ. ఒకటి డూప్లికేటు, తీసేయమన్నారు మేనేజరుగారు. తెరిచి చూడకుండానే తీసేశాను. దాని పేరూ, తేదీ, గుర్తు నంబరూ మాత్రం జాబితాలో మిగిలాయి."

"గుర్తు నంబరంటే?" అంది మేనకోడలు.

"లోపలున్న రాతని బట్టి కంప్యూటర్ ఇచ్చే నంబరు. ఒక్క అక్షరం మారినా నంబరు మారిపోతుంది. రాత మారకపోతే, ఫైలుకి ఏ పేరు పెట్టినా అదే నంబరు."

మేనేజరు కసురుకున్నాడు. "గుడ్డిగా తీయించానా? రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అక్షరం పొల్లుపోకుండా ఒకటే!"

"కేబుల్ పాడైందని ప్రమాదానికి ముందు మీకెవరూ చెప్పలేదా?" అని అడిగింది డిటెక్టివ్.

"ఒక్కరూ చెప్పలేదు."

డిటెక్టివ్ క్లర్కు పక్కన కూర్చుని గంటసేపు వెతికించింది. తర్వాత యజమానురాలి గదిలోకి అందర్నీ పిలిపించింది. మెకానిక్‌ని గేటు దగ్గర నుంచి మేనకోడలే తీసుకొచ్చింది.

"తీసేసిన ఫైలు నంబరు ఒకటి, ఉంచిన ఫైలు నంబరు ఇంకొకటి. అవి డూప్లికేట్లు కానే కావు," అంది డిటెక్టివ్. " రెండూ చదివానన్న మనిషి అబద్ధమాడాడు. ఉంచిన ఫైలు కంప్యూటర్లోకి చేరింది ప్రమాదం జరిగిన మర్నాడు. ఆ రోజు మెకానిక్ గేటు బయట ఉన్నాడు."

మేనేజరు నవ్వబోయాడు. "అసలు ఫైలే లేనప్పుడు అందులో ఏముందో మీకెలా తెలుసు?"

"ఉంది. తీసేసిన ఫైలు నంబరుతో ఫోల్డర్లన్నీ గాలించాం. కొత్త కేబుల్ కావాలని స్టోర్‌కీపర్ పెట్టిన అర్జీకి దాన్నే జత చేశాడు, వేరే పేరుతో. పేర్లు మాత్రమే చూసే మీ కంటికి అది ఆనలేదు. ఆ అర్జీ మీద 'ఇప్పుడు అవసరం లేదు' అని రాసింది మీరే. ప్రమాదానికి నాలుగు రోజుల ముందు!"

యజమానురాలు తెరమీది మాటలు పైకి చదివింది. 'కేబుల్ తెగేలా ఉంది, వెంటనే ఆపండి.' ఆమె పోలీసులకు ఫోన్ చేసింది.

"మార్చింది ఒక్క వాక్యమేగా..." అని గొణిగాడు మేనేజరు.

"ఆ ఒక్క వాక్యం చదివి లిఫ్ట్ ఆపి ఉంటే ఆవిడ ఇవాళ తన కాళ్ల మీద నడిచేది!" డిటెక్టివ్ గొంతు అంతలా లేవడం మేనకోడలు ఎన్నడూ వినలేదు.

క్లర్కు అసలు రిపోర్టు ప్రింటు తీసి మెకానిక్ చేతికిచ్చింది. అతను దాన్ని జేబులో పెట్టుకుని గబగబా బయల్దేరాడు.

"ఎక్కడికి?" అంది మేనకోడలు.

"ఆస్పత్రికమ్మా. నేనే బాగుందన్నానని నమ్మి, మంచాన పడి కూడా నన్నే తిడుతోందట ఆవిడ. ముందు ఆవిడ చదవాలి."