మూడు చుట్ల టేపు

"నీ కూతురు స్నానాల గదిలోంచి ఎప్పుడొస్తుందో కనుక్కో," అన్నాడు ప్లంబరు భార్యతో, ఆ గది తలుపుకి రెండడుగుల దూరంలో నిలబడి.

"వస్తున్నానని చెప్పమ్మా," లోపల్నించి జవాబు.

అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ చెవులున్నాయని ఆవిడకి తెలుసు. ఆరు నెలలుగా తండ్రీకూతుళ్ల మాటలన్నీ ఇలా ఆవిడ మీదుగానే నడుస్తున్నాయి. తన తర్వాత పైపుల పని అందుకుంటుందనుకున్న ఒక్కగానొక్క కూతురు, కార్ల రిపేరు నేర్చుకుంటానని వెళ్లి షెడ్డులో చేరింది. అది ఆయనకి మింగుడుపడలేదు. "ఇకమీదట నా బండి మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పు," అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఇవాళ అమ్మకి కంటి ఆపరేషన్. ఎడమ కన్ను ఏనాడో పోయింది. ఉన్న ఒక్క కన్నూ మసకబారుతోంది. నాలుగు నెలలు తిరిగితే దొరికిన తేదీ. పదకొండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. రెండు గంటల దారి.

ఎనిమిదికి ముగ్గురూ పాత కారెక్కారు. అమ్మ ముందు, కూతురు వెనక. ప్లంబరు తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది.

"నాన్నా, ఆపు!"

ఆరు నెలల తర్వాత కూతురు నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన తేరుకునేలోపే సీట్ల మధ్యనుంచి చెయ్యి చాచి ఇంజను ఆపి, తాళం లాగేసుకుంది.

"నీ కూతురికి మతి పోయిందా?" అన్నాడు భార్యతో.

"ఆయిల్ దీపం వెలగలేదు."

"అదేగా కావాల్సింది! నెల రోజులు మిణుకుమంటూ ప్రాణం తీసింది. ఆ దీపాన్ని వెలిగించే సెన్సర్ దగ్గర ఆయిల్ కారుతోందని నేనే కొత్తది బిగించాను. ఇప్పుడు వెలగట్లేదు. రోగం కుదిరింది."

"తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరాలి నాన్నా. అసలు వెలగకపోతే లోపల ఆయిల్ లేకపోయినా మనకి తెలీదు. హైవే మీద ఇంజను పట్టేసి బండి ఆగిపోతుంది."

"నిన్నగాక మొన్న రెంచీ పట్టిన పిల్ల నాకు నేర్పడమా! తాళం ఇమ్మను."

"ఇవ్వను."

"పోనీ వేరే బండి పిలుద్దామండీ," అంది అమ్మ.

"నా బండి ఉండగానా?" ఆయన గొంతు వీధి చివరికి వినిపించింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

అమ్మ నెమ్మదిగా తలుపు తీసుకుని దిగిపోయింది. "కన్ను నాది. పిల్లకో అరగంటివ్వండి. అంతవరకు నేనీ బండెక్కను."

కూతురు బానెట్ ఎత్తింది. సెన్సర్ మీదున్న ఒంటి వైరు పీకి, దాని కొసని ఇంజను ఇనుముకి ఆనించింది. తాళం తండ్రి చేతికిచ్చి తిప్పమంది. దీపం ఎర్రగా వెలిగింది.

"బల్బు బావుంది, వైరూ బావుంది," అంటూ తాళం తీయించి, బ్యాటరీ తీగ విప్పి, సెన్సర్ ఊడదీసింది. మర చుట్టూ తెల్లటి టేపు. మూడు చుట్లు.

"ఇదేంటి నాన్నా?"

"టేపు. కారకుండా." ముప్పై ఏళ్లుగా ఆయన టేపు చుట్టకుండా ఏ మరా బిగించలేదు.

"దీనికున్నది ఒకటే వైరు. కరెంటుకి రెండో దారి ఈ మరలోంచి ఇంజనుకే. ఆ దారి నువ్వు మూసేశావు."

"టేపు తీసేసి బిగించు మరి."

"తీసినా పనికిరాదు. ఇది ముల్లు తిరిగే మీటరున్న కార్లకి. మనకి దీపంది కావాలి."

"షాపులో పాతది చూపించే తెచ్చానే! మర కలిసిందిగా!"

"కుళాయికైతే మర కలిస్తే చాలు." కూతురు తన పనిముట్ల సంచిలోంచి చిన్న పెట్టె తీసింది. "కారు మోడలూ సంవత్సరమూ చెప్పి తెప్పించాను. మూడు వారాలైంది. చెయ్యి వెయ్యొద్దన్నావు కదా, ఎలా ఇవ్వను?"

ఆ పిల్ల రాగి వాషరు వేసి, సెన్సర్‌ని ముందు వేళ్లతో తిప్పి, తర్వాత రెంచీతో కొద్దిగా బిగించింది.

"ఇంకో చుట్టు తిప్పు," అన్నాడు ఉండబట్టలేక.

"ఎక్కువైతే మర తెగుతుంది నాన్నా."

వైరు, బ్యాటరీ తీగ తగిలించాక ఆయన తాళం తిప్పాడు. దీపం వెలిగింది. ఇంజను అందుకుంది. దీపం ఆరలేదు. ఒకటి, రెండు, మూడు...

"ఆపెయ్!"

కూతురు ఆయిల్ కొలిచే పుల్ల తీసి, తుడిచి, ముంచి పైకెత్తింది. కొస మాత్రమే తడిసింది.

"నెలంతా కారింది. సెన్సర్ మార్చావు గానీ, పోయిన ఆయిల్ పోయలేదు."

"దీపం వెలగలేదుగా..." అని సగంలో ఆగిపోయాడు.

వెళ్లి మెట్టు మీద కూలబడ్డాడు. హైవే, వెనకనుంచి తోసుకొచ్చే లారీలు, పట్టేసిన ఇంజను, పక్క సీట్లో సరిగ్గా కనబడని భార్య. అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

అమ్మ పక్కన కూర్చుంది. "దీపం వెలక్కపోతే అంతా బావుందనుకున్నారు. ఇంట్లోనూ అంతేనండీ. ఆరు నెలలుగా దాని నోటికి టేపు చుట్టి, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నారు." ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకోబోయింది.

"ఏడవకమ్మా, ఇవాళ కన్ను జాగ్రత్త," అంది కూతురు.

ఆవిడ బదులు ఆయనే ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని, సామాన్ల గదిలోంచి మూత తియ్యని ఆయిల్ డబ్బా తనే మోసుకొచ్చాడు. కూతురు కొలత చూస్తూ పోసింది. ఈసారి దీపం వెలిగి, ఇంజను అందుకున్న క్షణానికి ఆరింది. ముగ్గురూ ఊపిరి వదిలారు. ఎనిమిది నలభై.

ప్లంబరు డ్రైవరు సీటు దిగాడు. "నీ కూతుర్ని నడపమని..." అలవాటుగా భార్యవైపు తిరిగాడు.

"నాకు కన్ను మసక, దానికి చెవుడు లేదు," అంది అమ్మ.

ఆయన కూతురివైపు తిరిగాడు. తాళం ఆ మసి చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు.

"నువ్వే నడుపమ్మా," అన్నాడు. "నేను వెనక కూర్చుంటాను. దీపం వెలిగితే నాకే చెప్పు."