మనవరాలి ఓడ

తన చెరువులో పట్టిన రొయ్య మీసాల మీద ఇంటిల్లిపాదీ బట్టలు ఆరేసుకున్నారని చెప్పగల మనిషి పల్లంరాజుగారు. ఊరు ఆయన మాటలు వింటుంది, నమ్మదు. ఎందుకో ఒక్కటి మాత్రం నమ్మింది. మనవరాలు కీర్తిప్రియ కాకినాడలో ఓడెక్కి ఉద్యోగానికి వెళ్ళిందట, కెప్టెన్‌కి చేపల పులుసు నేర్పిందట, ఇప్పుడు సెలవు మీద వచ్చిందట. నిజానికి ఆ పిల్ల ఇన్నాళ్ళూ మత్తు మాన్పించే కేంద్రంలో ఉంది.

ఆ ఉదయం తల్లి వరలక్ష్మమ్మ అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ పోసి, కూతురికి మాత్రం విడిగా ఉంచిన ప్లాస్టిక్ కప్పులో పోసింది. కీర్తి ఒక గుక్క తాగి పక్కన పెట్టేసింది.

"అమ్మా, ఇవాళ భీమవరం పెద్దాసుపత్రికెళ్ళి హెచ్ఐవీ పరీక్ష చేయించుకుంటాను."

"నీకెందుకే ఆ పరీక్ష? మత్తు మానేశావు కదా."

"నాకు మత్తుమందు తెచ్చిచ్చేవాడూ నేనూ సూదితో ఎక్కించుకునేవాళ్ళం. ఇద్దరికీ ఒకటే సూది. అతనితో ఉన్నప్పుడు కండోమ్ మాట ఎత్తలేదు. మత్తులో గుర్తుండదు. గుర్తున్నా, అడిగితే మందు ఇవ్వడేమోనని భయం."

వరలక్ష్మమ్మ స్టవ్ ఆపేసింది. "అక్కడ మనవాళ్ళెవరైనా చూస్తే? మావయ్యగారూ, మీరైనా చెప్పండి."

"దానికేముందమ్మాయ్," అన్నారు పల్లంరాజుగారు అరుగు మీద నుంచి. "ఓడకి తిమింగలం అడ్డొచ్చిందనీ, దాన్ని నెట్టబోతే పిల్లకి నడుం పట్టేసిందనీ..."

కీర్తి నవ్వలేదు.

"మీ కథలో నేను బాగానే ఉన్నాను తాతగారూ. ఒంట్లో ఎలా ఉన్నానో నాకు తెలియాలి. ఉందని తేలితే మందులున్నాయి, ఊరికే ఇస్తారు. రోజూ వేసుకుంటే అందరిలా బతకొచ్చు. లేదని తేలితే మరీ మంచిది. ఏదీ తెలియకుండా ఈ కప్పుతో మాత్రం బతకలేను. అది కప్పుల వల్ల అంటేది కాదమ్మా."

వరలక్ష్మమ్మ ఆ కప్పు వంకే చూస్తూ నిలబడింది. పల్లంరాజుగారు ఇంకో కథ ఎత్తుకోలేదు. ఇది తిమింగలం ఎదురవడం కంటే పెద్ద వింత. లేచి చెప్పులేసుకుని, "ఆటో పిలువమ్మా," అన్నారు.

ఆటో వచ్చేసరికి ఎదురింటి చంద్రరావు బ్రష్షు నోట్లో పెట్టుకుని తయారు. "పాపగార్ని ఓడెక్కించడానికేనాండీ?"

"ఓడా లేదు, గీడా లేదు చంద్రరావూ. మత్తుమందుల నుంచి బయటపడి వచ్చింది మా పిల్ల. హెచ్ఐవీ పరీక్షకి తీసుకెళ్తున్నా."

చంద్రరావు నురగ చిందేలా నవ్వాడు. "దీనికంటే మీ రొయ్య మీసాలే నయమండి బాబూ."

జన్మకో నిజం చెబితే ఇదా మర్యాద అన్నట్టు ముసలాయన మొహం పెట్టారు. అది చూసి, ఇంటికొచ్చాక మొదటిసారి, కీర్తి ఫక్కున నవ్వింది.

అప్పుడొచ్చింది వరలక్ష్మమ్మ, ఒక చేత్తో తాళంచెవి, ఇంకో చేత్తో ఆ ప్లాస్టిక్ కప్పు పట్టుకుని. కూతురు వదిలేసిన చల్లటి కాఫీ గేటు దగ్గర నిలబడి గటగటా తాగేసింది. కప్పు గోడ మీద బోర్లించి, ఆటోలో కీర్తి పక్కన సర్దుకుని కూర్చుని, దాని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఈసారి మావయ్యగారు నిజమే చెప్పారండి చంద్రరావుగారూ," అంది. ఆటో అతని వైపు తిరిగి, "పోనీ బాబూ."