అరుగంత ఎత్తు మడి

కరువుకాలంలో తన మేనినుండే ఆకుకూరలు, కాయలు మొలిపించి ప్రాణికోటి ఆకలి తీర్చిన శాకంభరీమాత పాదాలకు మ్రొక్కి ఈ కథ ఆరంభిస్తున్నాను. ఆ తల్లి నా మాటకు తడి నిచ్చుగాక.

ఒంగోలు నుండి వచ్చే తొలి బస్సు దిగి సుబ్బరావమ్మ ఇంటికి చేరేసరికి కోడలు శేషారత్నం మజ్జిగ చిలుకుతున్నది. కూతురింట నెల్లాళ్ళుండి వచ్చిన అత్తగారి సంచి అందుకొని, "కాళ్ళు కడుక్కోండత్తయ్యా, నీళ్ళు తోడి ఉంచాను" అన్నది.

"ఉండవే, పెరడు చూసొస్తా."

శేషారత్నం ముఖంలో వెలుగూ బెదురూ ఒక్కసారే కనిపించాయి.

ఆ పెరడు సుబ్బరావమ్మ ఏలిన రాజ్యం. ఆమె కాపురానికి వచ్చిన నాటినుండి ఆ ఇంటికి బజారు కూరగాయ రాలేదు. ఇటీవల మోకాళ్ళు మొండికేశాయి. పోయిన వానాకాలం నల్లరేగడిలో నీరు నిలిచి వంగమొక్కలు వేళ్ళతో కుళ్ళిపోగా, వాటిని పీకడానికి కూర్చున్న ఆమె మళ్ళీ లేవలేకపోయింది. కొడుకు చెంచురామయ్య ఎత్తి తెచ్చాడు. "ఇక ఈ ఇంటికి నేను తినే నోరునే గాని చేసే చేతిని కాను" అన్న మాట నాటినుండి ఆమెను విడువలేదు.

పెరటి నడుమ, ఉత్తర దక్షిణాలుగా, మనిషి నిడివిన ఒక ఇటుక కట్టడం వెలసి ఉన్నది. చుట్టూ సున్నం పూత, పైన మట్టి. ఆ సీమ రైతులు పెద్దలకు చేలగట్టున కట్టించే సమాధులు అచ్చంగా అలాగే ఉంటాయి. మిరపచేలో ఆమె భర్త సమాధి కూడా అంతే.

"ఒరేయ్ చెంచురామయ్యా! ఇట్రారా!"

"ఏమైందమ్మా?"

"మీ నాన్నకు పోయాక కట్టారు. నేను అదృష్టవంతురాలిని, కళ్ళారా చూసుకుంటున్నా!"

"అయ్యో అత్తయ్యా! అది కూరమడి!"

"కూరమడి నేలమీద ఉంటుందే, ఇటుకల్లో ఉంటుందా? సున్నం కూడా కొట్టించావు. ఇక దీపమొక్కటే తక్కువ!"

చెంచురామయ్య భార్యవంక తిరిగాడు. "ముందే చెబుదామన్నానా లేదా?"

"చెబితే కట్టనిస్తారా?"

"గునపం తేరా. అది కూలిందాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను" అన్నది సుబ్బరావమ్మ.

తల్లి మాట కాదనలేక అతడు గునపం తెచ్చాడు. మొదటి దెబ్బకు మూల ఇటుక ఊడి పడింది. శేషారత్నం అడ్డం వచ్చి నిలిచింది.

"అత్తయ్య దీని గట్టుమీద ఒక్కసారి కూర్చోవాలి. తరువాత మీ ఇష్టం."

"బతికుండగా సమాధి ఎక్కమంటావుటే?"

"మీరు ఎవరి సాయం లేకుండా లేచేది మన వీధి అరుగుమీద నుంచేగా అత్తయ్యా. ఆ ఎత్తే తాడుతో కొలిచి కట్టించాను. గట్టు వెడల్పు మీరు కూర్చోవడానికి. నీరు నిలవకుండా అడుగున పెంకుముక్కలు పోసి, చెరువుమట్టీ పెంటా కలిపి నింపాను. నాటడం మాత్రం నాకు రాదు. నేను పెట్టిన నారు చూడండి, తలలు వాల్చేసింది. మీరొస్తే..."

సుబ్బరావమ్మ మెల్లగా గట్టుమీద కూర్చున్నది. మోకాళ్ళు మూలగలేదు. చేయి చాచితే మట్టి అందింది. పిడికెడు తీసుకొని నలిపింది. వేళ్ళ సందుల్లో పొడిపొడిగా రాలింది. ఆ మట్టిమీద ఒక కన్నీటిబొట్టు పడింది.

"మిట్టమధ్యాహ్నం నాటావుటే దీన్ని?" అన్నది వాలిన నారు చూసి. "ఒకదాని నెత్తిన ఒకటి! ఊపిరాడొద్దూ?" ఒక్కొక్క మొక్కనూ పెకలించి, ఎడంగా నాటి, మొదలు అదిమింది. ఆపై ఎవరి చేయీ పట్టుకోకుండా తానే లేచి నిలబడింది.

"నిలబడి చూస్తావేంరా? పడగొట్టిన ఇటుక పెట్టు. ఈ సున్నం గీకెయ్, పేడతో అలుకుతా." కోడలి భుజంమీద మట్టిచేయి వేసింది. "దీంట్లో తులసి మాత్రం నాటమాకే తల్లీ. చూసినవాళ్ళు దండం పెట్టిపోతారు!"

ముగ్గురూ నవ్వారు. మజ్జిగ అక్కడికే తెప్పించుకొని, ఆ గట్టుమీదే కూర్చొని తాగింది సుబ్బరావమ్మ.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో, వంగలేని పెద్దల చేతికి నేలతల్లి తానే లేచి అందుగాక. వారు నాటిన మొక్క కాయుగాక. ఆ కూర కలిపిన ముద్ద అందరి నోటికీ అమృతమగుగాక.